కోఠీ రెసిడెన్సీ: దొరగారి ఇంట్లో ఆడపిల్లల చదువు

మా నెల్లూరు తీరంలో దుగరాజపట్నం ఉంది చూశారూ, 1626లో ఇంగ్లీషువాళ్ళు అక్కడే వర్తక స్థావరం పెట్టుకున్నారు. వ్యాపారం అచ్చిరాక 1640లో మద్రాసుకి మకాం మార్చేశారు. ఆ మద్రాసు సైన్యపు ఇంజనీరు శామ్యూల్ రసెల్ 1803లో హైదరాబాదులో మొదలెట్టిందే కోఠీ రెసిడెన్సీ. దొర కిర్క్‌పాట్రిక్, సొమ్ము నిజాముది!

కట్టడం అచ్చమైన జార్జియన్ పద్ధతి: ఎడమా కుడీ తూకం వేసినట్టు సమానం, ముందు కొరింథియన్ స్తంభాలు, పైన త్రికోణపు నుదురు. ఆ నుదుటి మీద కంపెనీ ముద్ర. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్ మనుషులు దాడిచేసింది ఈ ఇంటి మీదే.

1949లో ఇక్కడికి మహిళా కళాశాల వచ్చింది. ఇలాంటివి వలస గుర్తులు, ఎందుకు కాపాడాలి అంటారు కొందరు. నేనొప్పుకోను. క్లాసులు నడిచాయి కాబట్టే ఇల్లు మిగిలింది. అయితే వాడుకోవడం వేరు, బాగుచేసుకోవడం వేరు. రెండోది మరిచిపోబట్టే 2002లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాకెక్కింది. మరమ్మతులయ్యి మళ్ళీ తెరుచుకునేసరికి 2023.

2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. కంపెనీ ముద్ర కింద, భూమి కోసం దొరని ఎదిరించిన మనిషి పేరు. ముద్ర చెరిపేయడం కన్నా ఇదే గట్టి జవాబని నాకనిపిస్తుంది. మీరేమంటారు?