కడప ఎంపీ పని, మన తండాల పని

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ కడప లోక్‌సభ నియోజకవర్గంలోని శాసనసభ స్థానాలు. బద్వేలు, కడప, కమలాపురం, మైదుకూరు కలిస్తే ఏడు. ఈ సీమలో సుగాలీలు, ఎరుకలవారు, యానాదులు తరతరాలుగా బతుకుతున్నారు. అయినా 2011 జనాభా లెక్కల్లో కడప జిల్లాలో మన వాటా నూటికి మూడు కూడా లేదు. రాయలసీమలో గిరిజనులకు కేటాయించిన లోక్‌సభ స్థానం గానీ, శాసనసభ స్థానం గానీ ఒక్కటీ లేదు. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఎస్టీ లోక్‌సభ స్థానం అరకు ఒక్కటే.

అందుకే మన పిల్లలు తరచూ ఒక మాట అంటారు: "ఎంపీతో మనకేం పని? ఆయన ఢిల్లీలో ఉంటాడు, మనం తండాలో ఉంటాం." ఈ మాట నిజమో కాదో చరిత్రను అడిగి చూద్దాం.

కడప నుంచి 1952లో మొదటి లోక్‌సభకు వెళ్లినవారు కమ్యూనిస్టు నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డి. ఆయనది జమ్మలమడుగు ప్రాంతం. ఆ తర్వాత 1962, 1967, 1971 ఎన్నికల్లోనూ గెలిచారు. ఆయన సభ్యులుగా ఉన్న కాలంలోనే మన జాతుల బతుకును మార్చిన మూడు మలుపులు వచ్చాయి.

మొదటిది 1952. తెల్లవారి ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాత దాన్ని మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఎరుకలవారి మీద, కొన్ని చోట్ల యానాదుల మీద పుట్టుకతోనే నేర ముద్ర పడింది. పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. కడప అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రం 1947లోనే ఈ చట్టాన్ని తొలగించుకుంది. దేశమంతటా పరిస్థితిని చూడడానికి 1949లో కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షులు మన పొరుగున ఉన్న తిరుపతి ప్రాంతపు నాయకుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. చివరకు 1952 ఆగస్టు 31 నుంచి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కాగితం మీద చట్టం పోయింది గానీ జనం మనసులో అనుమానం పోలేదు. మన పెద్దలను అడిగితే ఆ సంగతి చెబుతారు.

రెండవది 1956. ఆ ఏడాది సవరించిన షెడ్యూల్డు తెగల జాబితాలో ఆంధ్ర ప్రాంతానికి సుగాలి, యానాది, ఎరుకల పేర్లు ఉన్నాయి. ఈనాడు హాస్టల్ సీటుకు, ఉపకార వేతనానికి, ఉద్యోగానికి మనం జతచేసే కుల ధ్రువపత్రం వెనుక ఉన్నది ఆ జాబితాయే.

మూడవది 1976. ఆ ఏడాది పార్లమెంటు చేసిన సవరణ చట్టం 1977 జూలైలో అమలులోకి వచ్చింది. దానితో ప్రాంతాల మధ్య ఉన్న హద్దులు చాలావరకు తొలగిపోయాయి. అంతవరకు తెలంగాణలో జాబితా బయట ఉన్న లంబాడీలు లోపలికి వచ్చారు. అనంతపురం, కడప తండాల్లో ఉన్నవారు ఎస్టీలు, నల్లగొండ, వరంగల్లు తండాల్లో ఉన్న బంధువులు కారు అనే వింత అప్పుడు ముగిసింది.

ఇందులో గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం, రాష్ట్రపతి ప్రకటించిన ఎస్టీ జాబితాలో ఒక పేరు చేర్చాలన్నా, తీసేయాలన్నా చట్టం చేయవలసింది పార్లమెంటే. శాసనసభ తీర్మానం చేసి పంపగలదు, అంతే. కాబట్టి మనం ఎవరమో రాసిపెట్టే కలం ఢిల్లీలో ఉంది. ఆ సభలో మన తరఫున కూర్చునేవారికి మన చరిత్ర తెలియాలి, తెలియకపోతే తెలియజెప్పాలి.

ఇక ఊరి పనుల సంగతి. 1993 డిసెంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకాన్ని ప్రకటించారు. అప్పుడు ఆయన మనకు ఆనుకునే ఉన్న నంద్యాల ఎంపీ. కడప ఎంపీ పులివెందులకు చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి. మొదటి ఏడాది ఒక్కో సభ్యునికి 5 లక్షల రూపాయలు. తర్వాత అది ఏడాదికి కోటి, 1998-99లో 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు అయింది.

చాలామంది ఈ డబ్బు ఎంపీ చేతికి వస్తుందనుకుంటారు. అది తప్పు. ఎంపీ పనిని సిఫారసు చేస్తారు. మంజూరు చేసి, చేయించి, లెక్క చూసే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. నీళ్ల ట్యాంకు, బడి గది, సిమెంటు రోడ్డు, సామాజిక భవనం వంటి పదిమందికీ పనికొచ్చే, నిలిచి ఉండే పనులకే ఈ నిధి. ఒక మనిషికో, ఒక ఇంటికో ఇవ్వడానికి కాదు.

అందులో మనకు ఒక వాటా ఉంది. ఎస్సీలు నివసించే ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీలు నివసించే ప్రాంతాలకు 7.5 శాతం పనులు సిఫారసు చేయాలని పథకం నియమాలు చెబుతాయి. 5 కోట్లలో 7.5 శాతం అంటే ఏడాదికి 37 లక్షల 50 వేలు. మన జనాభా వాటా కంటే ఇది రెట్టింపునకు పైనే. అయితే నియమంలో ఇంకో మాట కూడా ఉంది. నియోజకవర్గంలో గిరిజన జనాభా చాలినంత లేకపోతే ఆ సొమ్మును రాష్ట్రంలోని మరో గిరిజన ప్రాంతంలో ఖర్చు పెట్టమని సిఫారసు చేయవచ్చు. అక్కడివారూ మనవారే, వారికి అందితే సంతోషమే. కానీ మనం చెదిరి ఉన్నాం కాబట్టి లేనట్టే లెక్కకు వస్తే, మన తండా బడికి రావలసిన గది రాకుండా పోతుంది.

కొన్ని పనులు ఈ నిధితో అయ్యేవి కావు. నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గాన్ని చూడండి. 1996-97లో మంజూరైన ఆ మార్గం జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పూర్తయి, ప్రయాణికుల రైలు నడిచింది 2016లో. ఇరవై ఏళ్లలో ఎంపీలు మారారు, ప్రభుత్వాలు మారాయి. రైల్వే కేంద్రం పని కాబట్టి ప్రతి బడ్జెట్టులోనూ డబ్బు కోసం ఢిల్లీలో అడగాల్సిందే. వీధి కుళాయి పంచాయతీ పని, రేషను కార్డు రాష్ట్ర ప్రభుత్వం పని, రైలు, జాతీయ రహదారి, ఎస్టీ జాబితా పార్లమెంటుకు సంబంధించిన పని. ఎవరి పని ఏదో తెలియక అందరినీ అన్నీ అడిగితే, ఒకరు ఇంకొకరిని చూపించి తప్పుకుంటారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ బడి పిల్లలతో చుట్టుపక్కల తండాలు, ఎరుకల వీధులు, యానాది కాలనీల పట్టిక రాయించండి. ఎన్ని ఇళ్లు, తాగునీరు ఎంత దూరం, దారి ఉందా, బడి గది ఉందా అన్నవి అందులో ఉండాలి. యువకులు ఆ పట్టికను జతచేసి, ఊరంతా సంతకాలు పెట్టిన అర్జీ ఎంపీకి ఒకటి, కలెక్టరుకు ఒకటి ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. గత ఐదేళ్లలో ఎస్టీ వాటా కింద ఏ ఊళ్లో ఏ పని జరిగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి.

ఒకప్పుడు మన తాతల పేర్లు పోలీసు ఠాణా పుస్తకంలో ఉండేవి. ఇప్పుడు మన ఊళ్ల పేర్లు కలెక్టరు కార్యాలయంలోని పనుల పట్టికలో ఉండాలి. ఆ పేర్లు రాసి ఇవ్వవలసింది మనమే.