పిక్చర్ ట్యూబులో సీసం

సాహిత్యం చదువుకున్నవాళ్లకి సీసం అంటే ముందు పద్యమే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది లోహం సంగతి. మన ముందు గదుల్లో ఏళ్ల తరబడి కొలువుదీరిన లావుపాటి టీవీల గాజులో అది ఉండేది. సీరియళ్లలో ఏడ్చే కోడళ్లూ, కుట్రలు పన్నే అత్తలూ, ప్రకటనల్లో బట్టలుతికే తల్లులూ - టీవీ మీద మన స్త్రీవాద విమర్శ ఎక్కువగా తెర మీది బొమ్మ గురించే సాగింది. ఆ తెరకీ ఒక చరిత్ర ఉంది. అందులోనూ ఆడవాళ్లున్నారు.

1975 ఆగస్టులో 'సైట్' ప్రయోగం కింద ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకి ఉపగ్రహం ద్వారా టీవీ వచ్చింది. ఆ సెట్లు చేసింది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. అవి ఊరందరూ కలిసి చూసిన నలుపు తెలుపు టీవీలు. 1982లో రంగులొచ్చాయి. రంగుల బొమ్మకి ఇరవై వేల వోల్టులకి పైనే కావాలి. అంత ఒత్తిడిలో ఎక్స్ కిరణాలు పుడతాయి. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ టీవీల నుంచి అవి పరిమితి మించి వస్తున్నాయని బయటపడింది. మరుసటి ఏడే అక్కడ చట్టం వచ్చింది. గాజులో సీసం కలిపేది ఆ కిరణాలని ఆపడానికే. ట్యూబు వెనక గరాటులాంటి భాగంలో ఐదోవంతుకి పైనే సీసపు ఆక్సైడు. చూసేవాళ్ల రక్షణకోసం పెట్టిన విషమన్నమాట! గాజు పగలనంతకాలం దానివల్ల ఎవరికీ హాని లేదు.

పగిలేది ఎక్కడ? అప్పటి విశాఖ జిల్లా, ఇప్పటి అనకాపల్లి జిల్లా చోడవరంలాంటి ఊళ్లో పాత టీవీ పాత సామాన్ల బండి ఎక్కుతుంది. బేరమాడి అమ్మేది చాలాసార్లు ఇంటావిడే. చేతులు మారి మారి అది విడదీసేవాళ్ల దగ్గరికి చేరుతుంది. రాగిచుట్ట కోసం ట్యూబు మెడ విరిచేస్తారు. గాజు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పిక్చర్ ట్యూబులు తయారైన రోజుల్లో పాత గాజుని కరిగించి కొత్త ట్యూబుల్లో వాడేవారు. సన్నటి తెరలొచ్చి ఆ దారి మూసుకుపోయింది. మిగిలిన దారుల్లో ఒకటి సీసం కొలిమి. అక్కడ ఇసుకకి బదులు ఈ గాజు వేస్తే సీసమూ తిరిగొస్తుంది. విశాఖలో హిందుస్థాన్ జింక్ వాళ్లు ఒకప్పుడు సీసం కూడా తీసేవారు. ఆ కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయింది.

ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద మన దేశంలో 2011లో మొదటి నిబంధనలొచ్చాయి. పనివాళ్లని గుర్తించి శిక్షణ ఇవ్వాలన్న మాట 2016 నిబంధనల్లో చేరింది. మంచిదే. కానీ రిజిస్టరైన షెడ్డులో ఉన్నవాళ్లకి అందే గుర్తింపు, ఇంటి వసారాలో కూర్చుని విడదీసే ఆవిడ దాకా వస్తుందా? లోకం మొత్తం మీద చెత్త ఏరే, విడదీసే అసంఘటిత పనుల్లో 1.29 కోట్ల మంది ఆడవాళ్లున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పీల్చిన సీసం ఎముకల్లో చేరి దశాబ్దాలపాటు ఉండిపోతుంది. ఆమె గర్భవతి అయినప్పుడు, బిడ్డకోసం తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగే వేళ, ఆ సీసం కూడా రక్తంలోకి దిగి బిడ్డకి చేరుతుంది.