షికాగో ఫైరింజన్ల తొలి రోజులు

అక్టోబరు వచ్చిందంటే షామ్‌బర్గ్‌లో మన పిల్లలు బడినుంచి ఎర్ర ప్లాస్టిక్ టోపీలు పెట్టుకొని ఇంటికి వస్తారు. అగ్నిప్రమాద నివారణ వారమట! అక్టోబరు 9వ తేదీ పడే వారమే ఎందుకో తెలియాలంటే ఇక్కడికి ముప్పై మైళ్ళలోపు ఉన్న షికాగో కథ వినాలి.

అక్కడ మొదట మంటలార్పినవారు జీతం లేని వాలంటీర్లు. చేతిపంపుల బండ్లను తాళ్ళు పట్టి లాగుతూ పరుగెత్తేవారు. 1857 అక్టోబరులో లేక్ స్ట్రీట్ ప్రాంతంలో దుకాణాలు అంటుకొని ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆర్పబోయిన వాలంటీర్లూ వారిలో ఉన్నారు. మరుసటి ఏడు నగరం జీతాలిచ్చే దళాన్ని ఏర్పాటు చేసింది. డెనిస్ స్వీనీ దాని తొలి అధిపతి. ఆ రోజుల్లోనే ఆవిరి యంత్రమూ వచ్చింది. ఆరడుగులు దాటిన మేయరు జాన్ వెంట్‌వర్త్‌ను జనం ‘లాంగ్ జాన్’ అనేవారు. యంత్రానికీ ఆ పేరే పెట్టారు.

1871 నాటికి జనాభా మూడు లక్షలు. దళంలో ఉన్నది సుమారు 185 మంది, 17 ఆవిరి యంత్రాలు. ఇళ్ళు చాలావరకు కొయ్యవి, కాలిబాటలూ చెక్కవే. పైగా నెలల తరబడి వానలు లేవు. ఎండాకాలంలో మనవైపు తాటాకు ఇళ్ళు ఎలా అంటుకుంటాయో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్టోబరు 7 శనివారం రాత్రి చెలరేగిన పెద్ద మంటను ఆదివారం దాకా ఆర్పి, మనుషులు సొమ్మసిల్లి ఉన్నారు. కొన్ని యంత్రాలూ గొట్టాలూ దెబ్బతిన్నాయి.

ఆ ఆదివారం రాత్రి సుమారు తొమ్మిదింటికి డికోవెన్ వీధిలో ఓలీరీ దంపతుల పశువులపాక అంటుకుంది. వీధుల్లోని అలారం పెట్టెలకు నంబర్లుండేవి. ఏ నంబరు గంట మోగితే దళాలు అక్కడికి వెళ్ళాలి. కోర్టు గోపురం మీది కాపలాదారు మథాయస్ షేఫర్ పొగమసకలో చోటు పొరబడి 342 కొట్టమన్నాడు. అది అసలు చోటికి ఇంచుమించు మైలు దూరం. పొరపాటు గ్రహించి నంబరు మార్చమంటే, దళాలు గందరగోళపడతాయని టెలిగ్రాఫ్ ఉద్యోగి విలియం బ్రౌన్ ఒప్పుకోలేదు. నాకైతే ఈ కథలో ఆవుకన్నా ఆ పెట్టె నంబరే ముఖ్యమనిపిస్తుంది.

తెల్లవారుజామున నీటి పంపుల భవనమే కాలిపోయింది. ఇక గొట్టాల్లో నీళ్ళేవి? మంగళవారం వాన పడేసరికి సుమారు 300 మంది మరణించారు, లక్షమందికి గూడు పోయింది, పదిహేడు వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. అప్పటికి మన షామ్‌బర్గ్ జర్మన్ రైతుల పల్లె.

దళం మాత్రం నిలబడింది. పిల్లలు ముచ్చటపడే జారుడు స్తంభం కూడా దానిదే. 1878లో 21వ దళం కెప్టెన్ డేవిడ్ కెన్యన్ పెట్టించాడు.

మరి ఆవు? లాంతరును తన్నిందని పత్రికలు రాశాయి. విచారణలో మాత్రం కారణం తేలలేదు. అయినా ఐర్లండునుంచి పొట్టచేతపట్టుకొని వచ్చిన కేథరిన్ ఓలీరీ బతికినంతకాలం ఆ నింద మోసింది. 1997లో గానీ నగర కౌన్సిలు ఆమెనూ ఆవునూ నిర్దోషులనలేదు. ఆ పాక ఉన్న చోటే 1961లో అగ్నిమాపక దళం తన శిక్షణాలయం తెరిచింది.