ఎనిమిదో నెల బిడ్డ

ఏడో నెలలో పుడితే దక్కుతుంది, ఎనిమిదో నెలలో పుడితే దక్కదు. కడప జిల్లా లింగాలలో ఏ అవ్వనడిగినా ఈ మాట చెబుతుంది. పులివెందుల, జమ్మలమడుగు, పొద్దుటూరు వైపూ అంతే. రెండు వేల ఏళ్లకు పైబడిన గ్రీకు వైద్యంలోనూ ఇదే నమ్మకం కనిపిస్తుంది. హిపోక్రటీస్ పేరిట మిగిలిన గ్రంథాల్లో ఎనిమిదో నెల బిడ్డ మీద ప్రత్యేకంగా ఒకటుంది. ఇన్ని దేశాలను, ఇన్ని తరాలను నమ్మించిన ఆ మాట తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఏడో నెల బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డ బతికే అవకాశమే ఎక్కువ. నెల తక్కువ బిడ్డల వైద్యచరిత్రను ఈ మాటతోనే మొదలుపెట్టాలి. ఎట్లాగూ దక్కదనుకున్న బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాలని ఎవరికీ తోచదు.

అలాంటి బిడ్డకు మొదటి గండం చలి. చీనీ తోటలు మాడిపోయే ఎండల్లో చలేమిటని అనుకోవచ్చు. పుట్టిన బిడ్డ ఒళ్లంతా తడి. ఆ తడి ఆరుతూ ఒంట్లోని వేడిని లాగేస్తుంది. నెల తక్కువ బిడ్డకు చర్మం కింద కొవ్వు పెద్దగా ఉండదు, బరువుతో పోలిస్తే గాలి తగిలే ఒళ్లు ఎక్కువ. ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిందంటే కష్టాలు మొదలైనట్టే. చల్లబడిన బిడ్డ పాలు పట్టదు, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి ఆగి ఆగి వస్తుంది. శుభ్రం కోసమని పుట్టగానే నీళ్లు పోయడం, ఉక్కపోస్తోందని ఫ్యాన్ కింద పడుకోబెట్టడం ప్రేమతో చేసే పనులే. నెల తక్కువ బిడ్డకు మాత్రం అవి ప్రాణం మీదికి తెస్తాయి.

ఈ సంగతి గ్రహించి యంత్రంతో ఎదురుతిరిగిన వైద్యుడు పారిస్‌కు చెందిన స్తెఫాన్ తార్నియే. అక్కడి జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే పెట్టెను చూసి, పిల్లల కోసం అలాంటిదే కావాలని చేయించాడు. 1880 దశకం మొదట్లో వేడినీళ్లతో వెచ్చబడే ఆ పెట్టెలు పారిస్ ప్రసూతి ఆసుపత్రికి చేరాయి. రెండు కిలోలలోపు బిడ్డల్లో నూటికి 66 మంది చనిపోయేచోట ఆ సంఖ్య 38కి దిగింది. అయితే ఆయన శిష్యుడు పియేర్ బుదాఁ ఇంకో సంగతి గమనించాడు. బిడ్డ పెట్టెలో, తల్లి దూరాన ఉంటే క్రమంగా తల్లి రావడం తగ్గుతోంది, పాలు ఎండిపోతున్నాయి. ఆ హెచ్చరికను ప్రపంచం చాలాకాలం చెవిన పెట్టలేదు. తర్వాత ఎన్నో దశాబ్దాలు, రోగాలు అంటుకుంటాయని భయపడి, తల్లుల్ని అద్దం అవతలే నిలబెట్టారు.

మన వైపుకొస్తే 1949ని తలచుకోవాలి. నిజాం రెండో కొడుకు మొజంజా భార్య నీలోఫర్ ఒట్టోమన్ రాజవంశపు ఆడబిడ్డ. ఆమె దగ్గర పనిచేసే రఫత్ ఉన్నీసా ఆ ఏడాది కాన్పులో చనిపోయింది. సంతానం లేని ఆ రాకుమారి ఆ చావును మరిచిపోలేకపోయింది. తల్లులకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టింది. 1953లో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో తెరుచుకున్న నీలోఫర్ ఆసుపత్రి ఈనాటికీ పేదింటి పసికందులకు పెద్ద దిక్కు.

అదే 1949 జూలై 8న జమ్మలమడుగులో వైఎస్ రాజశేఖరరెడ్డి పుట్టారు. ఆ ఊళ్లోనే లండన్ మిషన్ కాలం నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. డాక్టరై ఆయన కొంతకాలం అక్కడే పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరున 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 2006లో కడపలో రిమ్స్ ఆసుపత్రి మొదలైంది. లింగాల బిడ్డకు ప్రాణం మీదికొస్తే తరచూ ఆ పెద్దాసుపత్రి దారే పట్టాల్సి వస్తుంది.

ఆ దారిలోనే అసలు చిక్కు. ఒక్క పులివెందుల నుంచే కడపకు సుమారు 70 కిలోమీటర్లు. 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. 2020 జూలైలో రాష్ట్రం కొత్తగా తెచ్చిన వాహనాల్లో 26 అచ్చంగా పసికందుల కోసమే, అప్పటి 13 జిల్లాలకు జిల్లాకు రెండు చొప్పున. అది మంచి పనే. కానీ కడప అంత పెద్ద జిల్లాలో, ఆ రెండింట్లో ఒకటి అర్ధరాత్రి లింగాల మండలంలోని పార్నపల్లెకు వచ్చేదాకా బిడ్డ ఒళ్లు చల్లబడకుండా కాచేదెవరు?

జవాబు కొలంబియా నుంచి వచ్చింది. 1978లో బొగోటాలోని ఓ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పెట్టెలు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గుర్ని పడుకోబెడితే రోగాలు అంటుకుని పిల్లలు చనిపోతున్నారు. ఎడ్గర్ రే అనే డాక్టరు బిడ్డల్ని తీసి తల్లుల ఎదమీద కట్టించాడు. టోపీ, సాక్సులు, లంగోటీ తప్ప బిడ్డ ఒంటి మీద ఇంకేమీ ఉండకూడదు. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, కప్పలా కాళ్లు ముడిచి, తల ఓ పక్కకు తిప్పి ఆనించాలి. మెడ వంగిపోకుండా చూసి, గుడ్డతో గట్టిగా కట్టి, పైన చీర కొంగో దుప్పటో కప్పాలి. తల్లి సొమ్మసిల్లి ఉంటే తండ్రి ఎద పనికొస్తుంది, అవ్వదీ పనికొస్తుంది. దీన్ని పేదల సర్దుబాటుగా చాలామంది వైద్యులు చిన్నచూపు చూశారు. 2021లో వచ్చిన అధ్యయనం ఆ సందేహం తీర్చింది. భారత్‌తోపాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో, కిలో నుంచి 1.8 కిలోలలోపు బరువున్న బిడ్డల్ని పుట్టిన వెంటనే ఎదకు కడితే, నెలలోపు చావులు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. పోల్చి చూసింది ఏ సౌకర్యమూ లేని ఇళ్లతో కాదు, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్లున్న వార్డులతోనే. లింగాల నుంచి కడప దాకా బండిలో కూర్చున్న ప్రతి తల్లికీ ఈ కట్టు తెలిసి ఉండాలని నా కోరిక.

ఇల్లు చేరాక ఆశా కార్యకర్త వస్తుంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో అభయ్, రాణి బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల్ని ఇంటి దగ్గరే చూసుకునే విద్య నేర్పి, పసికందుల చావుల్ని సగానికి పైగా తగ్గించి చూపారు. అక్కడి నుంచే దేశమంతటికీ ఈ పద్ధతి వచ్చింది. ఆసుపత్రి కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇంటికొచ్చి తూకం వేస్తుంది, వేడి చూస్తుంది, నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. 60 లేదా అంతకు మించితే ఆసుపత్రికి పొమ్మంటుంది.

ఇంకొకటి మిగిలింది, కళ్లు. 1940ల్లో అమెరికాలో పెట్టెల్లోకి ఆక్సిజన్ ధారాళంగా వదిలారు. ఊపిరి నిలిచింది కానీ వేలమంది పిల్లలకు చూపు పోయింది. నెలలు నిండని కంట్లో రక్తనాళాలు ఇంకా సగమే అల్లుకుని ఉంటాయి. ఆక్సిజన్ మితిమీరితే అవి దారితప్పి పెరిగి రెటీనాను లాగేస్తాయి. మన దేశంలో ఆ ప్రమాదాన్ని ముందే పట్టుకోవాలని హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలీ 1990ల చివర నుంచి ఆసుపత్రుల్లోని పసికందుల దగ్గరికే వెళ్లి పరీక్షలు చేసే పద్ధతి నడిపారు. సమయానికి కనిపెడితే లేజర్‌తో చూపు కాపాడొచ్చు, ఆలస్యమైతే కష్టం. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు. రెండు కిలోలలోపు బరువుతోనో 34 వారాల లోపో పుట్టిన బిడ్డకు 30 రోజులు దాటకముందే ఈ పరీక్ష జరగాలి. డిశ్చార్జి చీటీ మీద దాని తేదీ లేకపోతే, బిడ్డను ఇంటికి తీసుకుపోయే ముందే డాక్టర్‌ను అడిగి రాయించుకోండి.