మేనేజర్ వెళ్లిపోయాక: డర్బీ అభిమానుల కోపం ఎవరి మీద?

క్లబ్బును వదిలి వెళ్లిన మేనేజర్ మీద ఫుట్‌బాల్ అభిమానులకు అంత కోపమో, అంత ప్రేమో ఎందుకు మిగిలిపోతుందన్న ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పాతరోజుల్లో అభిమానులు నెమ్మదస్తులనీ, మేనేజర్ వస్తే చప్పట్లు కొట్టి, పోతే మౌనంగా సాగనంపేవారనీ, 1992లో ప్రీమియర్ లీగ్ పుట్టి టీవీ డబ్బు వచ్చిపడ్డాకే ద్రోహం, నమ్మకం లాంటి మాటలు స్టేడియంలోకి దిగాయనీ మొదటి జవాబు. కప్పులు గెలిపించినవాణ్ని నెత్తిన పెట్టుకుంటారు, గెలిపించనివాణ్ని మరిచిపోతారు అన్నది రెండోది. పత్రికల్లో, టీవీ చర్చల్లో ఇవే తిరుగుతుంటాయి. నాకు రెండూ నమ్మబుద్ధి కావు. 1973 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని డర్బీ ఊళ్లో జరిగింది దగ్గరగా చూస్తే మొదటి జవాబు నిలవదు. ఆ తర్వాతి యాభై ఏళ్లు చూస్తే రెండోదీ నిలవదు.

అంతకు ముందు కాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తొలినాళ్లలో జట్టును ఎంపిక చేసేది డైరెక్టర్లు. మేనేజర్ పేరుకు కార్యదర్శి, పనికి గుమాస్తా. హెర్బర్ట్ చాప్‌మన్ దాన్ని మార్చాడు. హడర్స్‌ఫీల్డ్‌ను వరుసగా రెండుసార్లు లీగ్ విజేతను చేసి 1925లో ఆర్సెనల్‌కు వెళ్లిపోయాడు. అతను లేకుండానే హడర్స్‌ఫీల్డ్ మూడో ఏడూ గెలిచింది. 1963లో ఆల్ఫ్ రామ్సే ఇప్స్విచ్ నుంచి ఇంగ్లండ్ జట్టుకు వెళ్లినప్పుడు ఊరు గర్వపడింది. 1964లో స్టాన్ కలిస్‌ను వుల్వ్స్ తీసేసినప్పుడు దేశమంతా విస్తుపోయింది. ఇవన్నీ పెద్ద సంఘటనలే. కానీ అభిమానులు వీధిలోకి వచ్చి, సంఘం పెట్టుకుని, బోర్డును నిలదీసిన దృశ్యం కోసం డర్బీ దాకా ఆగాలి.

బ్రయన్ క్లఫ్, అతని సహచరుడు పీటర్ టేలర్ 1967లో డర్బీ కౌంటీకి వచ్చేనాటికి జట్టు రెండో డివిజన్‌లో ఉంది. 1969లో మొదటి డివిజన్‌కు ఎక్కింది. 1972లో తన చరిత్రలో తొలిసారి లీగ్ గెలిచింది. 1973లో యూరోపియన్ కప్ సెమీఫైనల్‌లో యువెంటస్ చేతిలో ఓడింది. అదే ఏడాది అక్టోబరు 13న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించిన రెండు రోజులకే క్లఫ్, టేలర్ రాజీనామా ఇచ్చారు. మర్నాడు బోర్డు ఆమోదించింది.

ఇక్కడే ప్రచారంలో ఉన్న కథతో నా పేచీ. 2006లో డేవిడ్ పీస్ రాసిన నవల, 2009లో దాని మీద వచ్చిన సినిమా ఆ కథను ప్రపంచమంతా తిప్పాయి. వాటిలో ఇది ఇద్దరు అహంకారుల గొడవ. ఒకవైపు పత్రికల్లో కాలమ్‌లు రాస్తూ, టీవీలో అందరినీ విమర్శిస్తూ నోరు అదుపులో పెట్టుకోని క్లఫ్. మరోవైపు అతన్ని ఒకప్పుడు కొడుకులా చూసుకుని, తర్వాత ఆ నోటికి తాళం వేయాలనుకున్న చైర్మన్ శామ్ లాంగ్సన్. వీటిలో అబద్ధం లేదు. టీవీ, పత్రికల పనులు తగ్గించుకోమని బోర్డు ఒత్తిడి పెట్టింది. కొత్తగా వచ్చిన డైరెక్టర్ జాక్ కర్క్‌లాండ్ టేలర్‌ను వేలితో పిలిచి, నువ్వు చేసే పనేమిటో చెప్పమన్నాడు. నాకున్న అభ్యంతరం ఒక్కటే. ఈ కథలో అభిమానులు తెర వెనుక కేకలు వేసే గుంపుగా మిగిలిపోయారు. అసలు కొత్త సంగతి జరిగింది వాళ్ల వైపే.

రాజీనామా తర్వాత మొదటి శనివారం, అక్టోబరు 20న, లెస్టర్‌తో మ్యాచ్. డర్బీ పాత మైదానం బేస్‌బాల్ గ్రౌండ్ క్లఫ్ పేరుతో మోగిపోయింది. మ్యాచ్ మొదలవబోతుండగా అతను స్టాండులోకి వచ్చి జనానికి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆటగాళ్లు అతన్ని వెనక్కి తీసుకోమని బోర్డుకు ఉత్తరం రాశారు, సమ్మె దాకా మాట వచ్చింది. అభిమానులు నిరసన ఉద్యమం పేరుతో సంఘం కట్టారు. టీవీ నాటక రచయిత డాన్ షా దాని ముఖ్యుల్లో ఒకడు. సభలు జరిగాయి, ఊరేగింపులు జరిగాయి. నవంబరు మొదట్లో క్లఫ్ బ్రైటన్‌లో ఉద్యోగంలో చేరిపోయాక కూడా ఉద్యమం వెంటనే చల్లారలేదు. వాళ్ల బాధంతా ఆ ఒక్క మనిషి కోసమే అయితే, అతను వేరే చోట చేరిన రోజునే ఆగిపోవాలి కదా.

ఆ కోపం ఎవరి మీద? వెళ్లిపోయినవాడి మీద కాదు, బోర్డు మీద. చట్టం దృష్టిలో క్లబ్బు డైరెక్టర్లది, వాటాదారులది. డర్బీ అభిమానులు మాత్రం తమ నోటితో, తమ కాళ్లతో వేరే మాట చెప్పారు. క్లబ్బు మాది, మేనేజర్ మా మనిషి, వాళ్లిద్దరినీ విడదీసే హక్కు మీకెవరిచ్చారు అని. టీవీ డబ్బు రావడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే అడిగిన ప్రశ్న ఇది.

డర్బీలోనే ఎందుకు వచ్చిందీ ప్రశ్న? నాకు తోచిన కారణం ఒకటుంది. డర్బీ రైలు కర్మాగారాల ఊరు, రోల్స్‌రాయిస్ ఇంజిన్ల ఊరు. 1971 ఫిబ్రవరిలో రోల్స్‌రాయిస్ దివాలా తీసి ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది. ఊళ్లో వేల కుటుంబాల జీతం ఆ కంపెనీ మీదే ఆధారపడి ఉంది. పైవాళ్ల నిర్ణయాలకు కిందివాళ్లు ఎలా మూల్యం చెల్లిస్తారో ఆ ఊరు కళ్లారా చూసిన మరుసటి ఏడాదే ఫుట్‌బాల్ జట్టు దేశ విజేత అయింది. మళ్లీ ఏడాదిన్నర తిరగకుండానే ఒక బోర్డుగది దాన్ని చెడగొట్టింది. అప్పటికే బొగ్గుగనుల వివాదం ముదురుతోంది, 1974 జనవరిలో దేశం వారానికి మూడు రోజుల పనిదినాల్లోకి జారుకుంది. క్లఫ్ కూడా లేబర్ పార్టీ మనిషి, కార్మికుల భాషలో మాట్లాడేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నేర్చుకున్న నిరసన పద్ధతులనే ఊరు బేస్‌బాల్ గ్రౌండ్ దగ్గరా వాడిందని నేననుకుంటున్నాను.

ఈ కారణాన్ని మరీ సాగదీయకూడదు. ఉద్యమాన్ని నడిపినవాళ్లందరూ కార్మికులు కారు. లాంగ్సన్ పుట్టు ధనికుడు కాదు, లారీల వ్యాపారంతో పైకొచ్చినవాడు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బోర్డు వెంటనే డేవ్ మెకేను మేనేజర్‌గా తెచ్చింది. క్లఫ్ కింద డర్బీకి కెప్టెన్‌గా ఆడి, అభిమానుల గుండెల్లో ఉన్నవాడు. ఎవర్ని తెస్తే జనం రాళ్లు వేయలేరో బోర్డుకు బాగా తెలుసు. మెకే 1975లో లీగ్ గెలిపించాడు. క్లఫ్ మీద ప్రేమ కప్పుల కోసమే అయితే ఆ రోజుతో అది ముగిసిపోవాలి. ముగియలేదు. 1977 ఫిబ్రవరిలో డర్బీ బోర్డు క్లఫ్‌ను తిరిగి రమ్మని పిలిచింది. ఊరు ఆశపడింది. అప్పటికి నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో ఉన్న క్లఫ్ రానన్నాడు. నా వాదానికి అన్నిటికంటే గట్టి పరీక్ష ఇదే. ఈసారి తలుపు మూసింది బోర్డు కాదు, అతనే.

ఆ తర్వాత జరిగింది తెలిసిందే. ఫారెస్ట్ 1978లో లీగ్, 1979లో, 1980లో యూరోపియన్ కప్ గెలిచింది. పాతిక కిలోమీటర్ల దూరంలో డర్బీ 1980లో రెండో డివిజన్‌కు, 1984లో మూడో డివిజన్‌కు జారింది. ఇరుగుపొరుగు పోటీ పగగా మారడంలో క్లఫ్ పాత్ర చాలా ఉంది. అయినా డర్బీవాళ్లు ఫారెస్ట్‌ను ద్వేషిస్తూనే అతన్ని తమవాడిగా ఉంచుకున్నారు. 2004 సెప్టెంబరులో అతను చనిపోతే సంస్మరణ సభ డర్బీ కథీడ్రల్‌లో అనుకున్నారు. జనం తాకిడికి దాన్ని ప్రైడ్ పార్క్ స్టేడియానికి మార్చాల్సి వచ్చింది. సుమారు 14,000 మంది వచ్చారు, రెండు క్లబ్బుల రంగులతో. ఆ రెండు ఊళ్లను కలిపే రోడ్డుకు అతని పేరు పెట్టారు. 2010లో ప్రైడ్ పార్క్ బయట క్లఫ్, టేలర్‌ల విగ్రహం వెలిసింది. చావు అన్నిటినీ మరిపించిందని కొందరంటారు. మరిపించడానికి అతని మీద పగ ఉంటే కదా. 1973లోనే ఊరు తప్పెవరిదో తేల్చేసింది, 1977 కూడా ఆ తీర్పును మార్చలేకపోయింది.

లివర్‌పూల్ కథ దీనికి పక్కన పెట్టి చూడదగ్గది. డర్బీ గొడవ జరిగిన తొమ్మిది నెలలకు, 1974 జులైలో, అక్కడి మేనేజర్ బిల్ షాంక్లీ తనంతట తనే తప్పుకున్నాడు. వీధిలో టీవీ విలేకరి ఆ వార్త చెబితే పిల్లలు నమ్మలేదు. ఆ ఆగస్టులో వెంబ్లీలో చారిటీ షీల్డ్ మ్యాచ్‌కు రెండు జట్లను మైదానంలోకి నడిపించుకుని వచ్చింది షాంక్లీ, క్లఫ్. ఒకరు క్లబ్బును వదిలేసిన మనిషి, మరొకరు క్లబ్బు పోగొట్టుకుని లీడ్స్‌లో చేరిన మనిషి. లీడ్స్‌లో క్లఫ్ నిలిచింది 44 రోజులే. షాంక్లీని లివర్‌పూల్ జనం చివరిదాకా ప్రేమించారు. శిక్షణ మైదానానికి మాటిమాటికీ వచ్చే పాత మేనేజర్‌తో ఏం చేయాలో క్లబ్బుకే తోచలేదు. ఆ బాధ అతన్ని వదల్లేదు. ఇక్కడా జనానికీ క్లబ్బు యాజమాన్యానికీ మధ్య దూరం కనిపిస్తుంది.

1992 తర్వాతి కాలాన్ని చూస్తే రెండో జవాబు కూడా కూలుతుంది. ఆర్సెనల్ మనిషి జార్జ్ గ్రాహం 1999లో టోటెన్‌హామ్‌కు లీగ్ కప్ గెలిపించాడు. అయినా అక్కడి అభిమానుల్లో చాలామంది అతన్ని తమవాడని ఒప్పుకోలేదు. ఇందులో బోర్డుల పాత్ర లేదు, పాత పగే కారణం. ప్రతి సంఘటననూ ఒకే కారణంతో కొలవలేమని ఒప్పుకోవాలి. కానీ స్కాట్లండ్ క్లబ్బు సెల్టిక్ సంగతి చూడండి. బ్రెండన్ రాజర్స్ రెండేళ్లు వరుసగా దేశంలోని మూడు టైటిళ్లూ గెలిపించి, మూడో ఏడాది మధ్యలో, 2019 ఫిబ్రవరిలో, లెస్టర్‌కు వెళ్లిపోయాడు. అమరత్వం ఇచ్చి సాధారణత్వం కొనుక్కున్నావన్న అర్థంతో స్టాండుల్లో బ్యానర్ కట్టారు. 2023లో తిరిగొచ్చి మళ్లీ రెండు లీగ్‌లు గెలిపించి, 2025 అక్టోబరులో రాజీనామా చేశాడు. ఆ రాత్రే క్లబ్బు పెద్ద వాటాదారు డెర్మట్ డెస్మండ్ అతన్ని కఠినంగా విమర్శిస్తూ ప్రకటన ఇచ్చాడు. అప్పటికే ఆటగాళ్ల కొనుగోళ్ల మీద అభిమానుల అసంతృప్తి బోర్డు వైపు తిరిగి ఉంది. అందుకే ఈసారి కోపమంతా ఒక్క మనిషి మీదకు పోలేదు. మనిషి అతనే, క్లబ్బు అదే, రెండుసార్లూ సీజన్ మధ్యలోనే వెళ్లాడు. మారింది ఎవరిది తప్పు అన్న తీర్పు.

జర్మనీలో యుర్గెన్ క్లాప్ కథ ఇంకా స్పష్టం. మైన్స్‌ను 2008లో, డార్ట్‌మండ్‌ను 2015లో కన్నీళ్ల మధ్య వదిలాడు. ఏ కోపమూ లేదు. 2024 అక్టోబరులో రెడ్‌బుల్ కంపెనీ ఫుట్‌బాల్ విభాగానికి పెద్దగా వెళ్తున్నానన్నాక రెండు ఊళ్లలోనూ ఆగ్రహం రేగింది. జర్మనీలో క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలో ఉండాలన్న నియమాన్ని లైప్‌జిగ్‌లో రెడ్‌బుల్ నామమాత్రం చేసిందని అభిమానుల ఫిర్యాదు. ఎప్పుడో వెళ్లిపోయిన మేనేజర్ మీద, కొత్తగా చేరిన చోటు వల్ల, కోపం పుట్టింది. ఇది క్లబ్బు ఎవరిదన్న గొడవ కాకపోతే మరేమిటి?

డర్బీ కూడా యాభై ఏళ్లకు అదే తీర్పు మళ్లీ ఇచ్చింది. 2021లో క్లబ్బు ఆర్థికంగా కుప్పకూలింది. 21 పాయింట్లు కోత పడి, 2022లో మూడో శ్రేణికి దిగజారింది. జీతాలకే దిక్కులేని ఆ కాలంలో మేనేజర్ వేన్ రూనీ వదిలి పోలేదు. సీజన్ ముగిశాక వెళ్లాడు. జట్టు దిగజారినా అతన్ని అభిమానులు గౌరవంగా సాగనంపారు, నిందను పాత యజమానికే వదిలారు.

ఇప్పటి పరిస్థితి నాకు సంతోషం కలిగించడం లేదు. 1973లో డర్బీ అభిమానికి డైరెక్టర్ల పేర్లు తెలుసు, ముఖాలు తెలుసు. ఇవాళ యజమాని ఎక్కడో ఇంకో ఖండంలో ఉన్న పెట్టుబడి సంస్థ, లేదా ఒక దేశ ప్రభుత్వ నిధి. వారం వారం కెమెరా ముందుకు వచ్చేది మేనేజర్ ఒక్కడే. అందుకే ప్రేమా కోపమూ అతని మీదే కురుస్తున్నాయి. ఆ కోపం యజమానులకు గొడుగవుతోంది. బ్రిటన్ 2025లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పాలనకు చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది. అభిమానులను సంప్రదించాలన్న నిబంధన అందులో ఉంది. మంచి అడుగే, కానీ సంప్రదించడం వేరు, మాట చెల్లడం వేరు.

ఈ చరిత్రలో మనకూ ఒక అధ్యాయం ఉంది. స్పెయిన్‌కు చెందిన మానోలో మార్కెజ్ 2020లో హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా వచ్చి, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిపించాడు. కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. తమ జట్టు విజేత అయిన సీజన్‌లో గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్ అభిమాని చూడలేకపోయాడు. 2023లో అతను ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆ తర్వాతి సీజన్‌లో హైదరాబాద్ అప్పులు, బకాయిల మధ్య పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. కోచ్ రహీం సాబ్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిపించిన నగరమిది.

గచ్చిబౌలి స్టాండుల్లో పసుపు చొక్కాలు వేసుకుని నిలబడినవాళ్లు చాలామంది మన మధ్యే ఉన్నారు. మార్కెజ్ వెళ్లినప్పుడు వాళ్లు ఎవరిని తప్పుపట్టారో, క్లబ్బే వెళ్లిపోయినప్పుడు ఏం చేయాలనుకున్నారో అడిగి రాసిపెట్టాలి. డర్బీ అభిమానుల మాట ముప్పై ఏళ్ల తర్వాత నవలాకారుల చేతిలో పడి చిక్కిపోయింది. మనవాళ్ల మాటకు ఆ గతి పట్టకుండా హైదరాబాద్ క్రీడా విలేకరులు ఇప్పుడే పూనుకోవాలి.