బ్రహ్మ కోడికి ఆ పేరు ఎవరు పెట్టారు?



దసరా సెలవులకి ఊరెళ్తే మా చిన్నాన్న కొడుకు ఫోన్‌లో ఒక కోడి వీడియో చూపించాడు. ఎంత పెద్ద పుంజో! కాళ్ల నిండా ఈకలు, ప్యాంటు తొడుక్కున్నట్టు. "అన్నా, ఇది బ్రహ్మ కోడి. ఒక్క పుంజు తెచ్చి మన పెట్టల్లో వదిలితే పిల్లలన్నీ ఇంతింత అవుతాయి" అన్నాడు. మా అమ్మ కూడా చూసింది. "ఆ కాళ్లతో బురదలో ఎట్లా తిరుగుతుంది?" అని మాత్రం అడిగింది.

ఆ రెండు మాటలూ బుర్రలో పెట్టుకుని హాస్టల్‌కి వచ్చాక చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ కోడి కన్నా దాని పేరు కథే పెద్దదని తెలిసింది. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

బ్రహ్మ అనగానే మనకి దేవుడు గుర్తొస్తాడు. కోడికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. మొదట పెట్టిన పేరు బ్రహ్మపుత్ర, అంటే నది పేరు. నోటికి పొడుగైందని తర్వాత బ్రహ్మ అని కుదించారు. మరి ఆ నది ఒడ్డు నుంచే వచ్చిందా అంటే, తిరకాసంతా అక్కడే ఉంది.

నల్లమందు యుద్ధంలో ఓడిపోయిన చైనా 1842లో నాంకింగ్ ఒప్పందం చేసుకుని ఐదు రేవులు తెరవాల్సి వచ్చింది. అందులో షాంఘై ఒకటి. అక్కడికి వెళ్లిన ఓడలు టీ, పట్టుతో పాటు పెద్ద పెద్ద కోళ్లని కూడా అమెరికాకి, ఇంగ్లండ్‌కి మోసుకెళ్లాయి. అక్కడి జనం అంత కోడిని అంతకుముందు చూసి ఎరగరు. 1849 నవంబరులో బోస్టన్‌లో కోళ్ల ప్రదర్శన పెడితే జనం విరగబడి వచ్చారు. ఒక్కో జత వంద డాలర్లు దాటి అమ్ముడుపోయింది. ఆ పిచ్చికి వాళ్లే 'హెన్ ఫీవర్' అని పేరు పెట్టుకున్నారు. అంటే కోళ్ల జ్వరం.

జ్వరం ఉన్నచోట వ్యాపారం ఉంటుంది కదా. దూరదేశం పేరు తగిలిస్తే ధర పెరిగేది. కొచ్చిన్ కోడి చైనా నుంచి వచ్చినదే, పేరు మాత్రం కొచ్చిన్-చైనాది, అంటే ఇప్పటి వియత్నాం దక్షిణ భాగానిది. మన బ్రహ్మ కోడికీ ఇలాంటి కథే ఉంది. ఒక నావికుడు బ్రహ్మపుత్ర తీరం నుంచి తెచ్చిన జతే మూలం అని కనెక్టికట్ వాళ్లు చెప్పారు. బోస్టన్ దగ్గరి వ్యాపారి జార్జ్ బర్నమ్ అదంతా కట్టుకథ అన్నాడు. అవి షాంఘై కోళ్లేనని అతని వాదన. 1852లో ఇవే కోళ్లు తొమ్మిదింటిని ఇంగ్లండ్ రాణి విక్టోరియాకి కానుకగా పంపినప్పుడు కూడా 'గ్రే షాంఘై' అనే పేరుతోనే పంపాడు. రాణికి చేరాయన్న వార్త అతని వ్యాపారానికి పెద్ద ప్రచారమైంది. జ్వరం దిగిపోయాక 1855లో ఆ వెర్రి మీద నవ్వుతాలుగా ఒక పుస్తకం కూడా రాశాడు. అమ్మిందీ అతనే, నవ్విందీ అతనే!

తర్వాతివాళ్లు ఎక్కువమంది ఒప్పుకున్నది ఏంటంటే, ఇది అమెరికాలో తయారైన సంకరం. కాళ్ల ఈకలు షాంఘై కోడివి. తురాయి మాత్రం చిట్టగాంగ్ వైపు కోడిది. ఒంటి తురాయిలా నిలబడకుండా, బఠాణీల్లాంటి చిన్న చిన్న బొడిపెలు మూడు వరసలుగా తలకి అంటుకుని ఉంటాయి. 1874లో అమెరికా కోళ్ల సంఘం జాతుల ప్రమాణాల పుస్తకం వేసినప్పుడు అందులో తెల్ల బ్రహ్మ, నల్ల బ్రహ్మ రెండూ ఎక్కాయి. పుంజు సుమారు ఐదున్నర కిలోలు, పెట్ట నాలుగు కిలోల పైన. 1930 ప్రాంతం దాకా అమెరికాలో మాంసానికి పేరున్న కోడి ఇదే.

ఇంత కథలో వ్యాపారి పేరుంది, రాణి పేరుంది, ఏనాడూ చూడని నది పేరుంది. షాంఘై పక్క పల్లెల్లో, చిట్టగాంగ్ వైపు తరతరాలుగా మంచి పెట్టని ఏరి, పొదిగేసి, గద్దల నుంచి కాపాడి అంత కోడిని తయారుచేసినవాళ్ల పేరు నేను చదివినంతలో ఒక్కటీ లేదు. వాళ్లు రాసుకోలేదు. రాసినవాడు తనకి నచ్చిన పేరు పెట్టుకున్నాడు.

నిజంగా బ్రహ్మపుత్ర లోయ కోడి వేరే ఉంది. దాని పేరు మిరి. అస్సాంలో మిసింగ్ ఆదివాసీలు పెంచుకునే చిన్న కోడి. బయటివాళ్లు వాళ్లని మిరి అనేవాళ్లు, ఆ పేరే కోడికీ వచ్చింది. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దేశీ జాతుల జాబితాలో అది నమోదైంది. అదే జాబితాలో మన ఉత్తరాంధ్ర డంకి కోడి కూడా ఉంది. మధ్యప్రదేశ్ ఝాబువాలో భీల్, భిలాలా ఆదివాసీల కడక్‌నాథ్ కోడికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రాసుకుంటే, అడిగితే పేరు నిలబడుతుంది అనడానికి ఇవే సాక్ష్యం.

ఇప్పుడు మా తమ్ముడి మాటకి వస్తా. బ్రహ్మ పుంజుని నాటు పెట్టల్లో వదిలితే ఏమవుతుంది? 1902లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త బేట్సన్ కోళ్ల తురాయిల మీదే ప్రయోగాలు చేసి, మెండెల్ సూత్రాలు జంతువులకీ పనిచేస్తాయని చూపించాడు. బఠాణీ తురాయి ఒంటి తురాయిని కప్పేస్తుంది. అందుకే మేలుజాతి బ్రహ్మ పుంజుకి పుట్టిన పిల్లలన్నీ ఆ తురాయితోనే వస్తాయి. పైకి కనిపించే మార్పు అది. కనిపించనివి చాలా ఉన్నాయి. బ్రహ్మ ఎదగడానికి ఎక్కువ కాలం పడుతుంది, మేత ఎక్కువ కావాలి, చలికి తట్టుకుంటుంది గానీ ఎండకి అల్లాడుతుంది. అమ్మ అన్నది కూడా నిజమే. తడి బురదలో కాళ్ల ఈకలు ముద్దకట్టి పురుగులు, పుళ్లు వస్తాయి. మన పెట్ట తన తిండి తానే వెతుక్కుంటుంది, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది. రెండు మూడు తరాలు కలగాపులగంగా కలిసిపోతే ఈ గుణాల్ని తిరిగి విడదీయడం మన వల్ల కాదు.

పెంచొద్దు అనట్లేదు. ముచ్చటపడితే పెంచండి, అమ్ముకోండి. కానీ వేరే దడి కట్టి పెంచండి. మంచి నాటు పుంజు ఒకటి, నాలుగైదు పెట్టలు విడిగా ఉంచండి. పొరపాటున కలిస్తే పుంజుని తీసేసిన వెంటనే గుడ్లు పొదిగేయకండి. దాని ప్రభావం పెట్టలో రెండు మూడు వారాలు ఉంటుంది. ఆ గుడ్లు వండుకుని, తర్వాతి గుడ్లు పొదిగేయండి.

ఇంకొక్క పని. ఈసారి ఇంటికెళ్తే అమ్మనో, అవ్వనో కూర్చోబెట్టి అడగండి. మన కోళ్ల రంగులకి మన భాషలో ఏ పేర్లున్నాయి? పొదిగేయడానికి ఏ పెట్టని ఎంచుతారు, ఎందుకు? కువి, గోండి, సవర, కోయ, ఏ భాషైనా సరే, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాయండి. మా అమ్మ దగ్గర ఐదు పేర్లు రాసుకున్నా. ఆరోది అవ్వకి తెలుసంట. సంక్రాంతికి వెళ్లి అడుగుతా. మీవి కింద రాయండి, అన్నీ ఒకచోట కలిపి పెడదాం.