చిత్రమునకు ముందు విమర్శ: ములకలపల్లి సీమనుండి ఒక పరిశీలనము

తెలుగు చలనచిత్ర చరిత్రకు పత్రికలు ఎంతటి ముఖ్యాధారములో "భక్త ప్రహ్లాద" విషయమున తేటతెల్లమైనది. హెచ్. ఎం. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ఈ తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని అనేక దశాబ్దములు గ్రంథములయందును, సభలయందును చెప్పబడుచు వచ్చినది. పత్రికారచయిత రెంటాల జయదేవగారు ఆనాటి పత్రికలను, సెన్సారు వివరములను శోధించి, ఆ చిత్రమునకు 1932 జనవరి 22న సెన్సారు ధ్రువపత్రము లభించినదనియు, అదే సంవత్సరము ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటరులో మొదట ప్రదర్శింపబడినదనియు నిరూపించిరి. ఒక ప్రకటన, ఒక చిన్న వార్త, ఒక అభిప్రాయము: ఇట్టి తునకలే ఇచట సాక్ష్యము పలికినవి.

అయితే బొంబాయి తేదీ తేలినంతమాత్రమున మన ప్రశ్న తీరలేదు. బొంబాయిలో ఫిబ్రవరి 6న ఆడిన బొమ్మ తెలుగువారందరికిని ఆనాడే ఆడలేదు. విడుదల యనునది ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క దినము. పత్రికావిమర్శకుని అభిప్రాయమును చదువునపుడు, అది ఏ ఊరివానికి చిత్రమునకు ముందు అందినది, ఏ ఊరివానికి చిత్రము తరువాత అందినది అని విచారింపవలసియున్నది. ఈ విచారణ లేనిదే ఆనాటి విమర్శల రూపము మనకు బోధపడదని మా తలంపు. ఇందుకు రాజధానీనగరములకంటె అడవి అంచున నున్న ఒక ఊరినుండి చూచుట మేలు. మేము ములకలపల్లిని ఎన్నుకొంటిమి.

ములకలపల్లి గోదావరికి దక్షిణమున, పాల్వంచ, దమ్మపేట, అశ్వారావుపేటల నడుమనున్న అటవీసీమలోనిది. కోయలు విశేషముగా నివసించు ప్రదేశము. 1948 వరకు ఇది నిజాము రాజ్యమున నుండెను. నదికి ఆవలనున్న భద్రాచలము మద్రాసు రాష్ట్రమునకు చెందినది. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినను, భద్రాచలము తూర్పుగోదావరి జిల్లానుండి ఆ జిల్లాలోనికి వచ్చినది 1959లో మాత్రమే. భద్రాచలమువద్ద గోదావరిపై వంతెన 1965లో తెరువబడినది. "భద్రాచలం రోడ్" అను పేరుగల రైలు స్టేషను భద్రాచలమున లేదు, కొత్తగూడెమున నున్నది. ఆ పేరే ఈ సీమకు రాకపోకలు ఎట్లుండెడివో చెప్పును. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ములకలపల్లి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది.

ఇట్టి చోటికి బొమ్మ ఎట్లు చేరెడిది? చిత్రముయొక్క ప్రింట్లు పరిమితముగా తీయబడెడివి. అవి మొదట పెద్దపట్టణములలో ఆడి, పిమ్మట చిన్నపట్టణములకును, ఆ పిమ్మట టూరింగు టాకీసుల డేరాలకును దిగెడివి. చేతులు మారిన కొలదియు గీతలుపడి, తెగి, అతుకబడి, ఒక్కొక్కసారి పాటలో చరణము పోగొట్టుకొని రీలు వచ్చెడిది. సింగరేణి బొగ్గుగనుల మూలమున జనసమ్మర్దముగల కొత్తగూడెమువంటి చోట్లకు బొమ్మ ముందు వచ్చినను, అడవి గ్రామములకు వచ్చుసరికి నెలలు గడచెడివి. పత్రికయో, ఆలస్యముగనైనను, తపాలాలో కొన్నిదినములకు వచ్చెడిది. అనగా ఈ సీమలోని పాఠకునకు విమర్శ ముందు, చిత్రము తరువాత. కొన్ని చిత్రములు రానేరావు. వానికి విమర్శయే చిత్రము.

ఆనాటి వారపత్రికలను తిరుగవేసినవారికి ఒక విషయము కొట్టవచ్చినట్లు కనబడును. సమీక్షలో అధికభాగము కథ. నాయిక యెవరు, ఆమె మేనమామ ఏమి చేసెను, చివరకు తప్పిపోయిన బిడ్డ ఎట్లు దొరకెను, అంతయు చెప్పబడును. తరువాత నటీనటులను గూర్చి తలకొక వాక్యము, సంగీతమునకు రెండు, "ఛాయాగ్రహణము బాగున్నది, శబ్దగ్రహణము ఇంకను మెరుగుపడవలెను" అని ముక్తాయింపు. నేటి చదువరి దీనిని విమర్శకుని అశక్తత యని నవ్వును. కథ ముందుగా వెల్లడించుట నేడు మహాపరాధము! కాని కథను దాచుటవలన లాభము చిత్రమును రేపో మాపో చూడగలవానికే గదా. పత్రిక కొలదిమంది చదువగా, పలువురు విను ఊరిలో ఆ కథాసంగ్రహమే ప్రదర్శనము. పురాణకథను ఎరిగియుండియు హరికథకు పోవు జనమునకు ముగింపు తెలియుటవలన రసభంగము కాదని ఆ విమర్శకులకు తెలియును.

విమర్శకుడు ఎచట కూర్చుండి వ్రాసెను? చిరకాలము మద్రాసులో. ములకలపల్లికిని ఆ నగరమునకును ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. నిర్మాతకును విమర్శకునకును మాత్రము అంత దూరము లేదు. చాలమార్లు ఇరువురిది ఒకే గడప. గూడవల్లి రామబ్రహ్మముగారు "ప్రజామిత్ర" సంపాదకులై యుండి "మాలపిల్ల" (1938), "రైతుబిడ్డ" (1939) తీసిరి. మాలపిల్లకు సంభాషణలు వ్రాసిన తాపీ ధర్మారావుగారును పత్రికాసంపాదకులే. చిత్రములను సమాజముతో ముడిపెట్టి నిష్కర్షగా విమర్శించిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980లో మరణించువరకు పనిచేసిన "చందమామ", విజయా సంస్థాధిపతులైన నాగిరెడ్డి, చక్రపాణిగార్లది. "పాతాళభైరవి" (1951), "మాయాబజార్" (1957) తీసినవారి జీతము తీసికొనుచు తెలుగు చిత్రములలోని అసంబద్ధతను ఎత్తిచూపుట సామాన్యమైన పని కాదు. యజమానులు దానిని సహించుటయు సామాన్యము కాదు. ఈ రెండవ విషయమును మనవారు తగినంతగా గుర్తింపలేదు.

ముళ్లపూడి వెంకటరమణగారి సంగతి మరింత ఆసక్తికరము. 1950వ దశకమున ఆంధ్రపత్రికలో పనిచేయుచు వారు వ్రాసిన చిత్రసమీక్షలు హాస్యమునకును, వాడికిని పేరొందినవి. సినీలోకమును ఎగతాళి చేయుచు "విక్రమార్కుని మార్కు సింహాసనము" వ్రాసినవారును వారే. 1962లో "రక్తసంబంధము" చిత్రమునకు వారే సంభాషణలు కూర్చిరి. అంతవరకు పరులను నవ్వించిన కలము తమిళ "పాశమలర్" కథకు తెలుగున కన్నీరు తెప్పించినది. 1967లో మిత్రులు బాపుగారి దర్శకత్వమున "సాక్షి" వెలువడినది. విమర్శకుడు నిర్మాణమునకు మరలుట తెలుగునాటి వింత కాదు. బొంబాయిలో "ఫిల్మిండియా" పత్రికను 1935లో స్థాపించి పరులను చీల్చి చెండాడిన బాబూరావు పటేలు "ద్రౌపది" (1944), "గ్వాలన్" (1946) తీసి పరాభవము పొందెను. ఫ్రాన్సులో త్రూఫో తన పరుషవిమర్శలకు పిమ్మట 1959లో తీసిన తొలి పెద్దచిత్రముతోనే కీర్తి గడించెను. రమణగారు ఈ ఇరువురికిని భిన్నులు. వారు సిద్ధాంతమును ప్రకటింపలేదు. పాఠకునకు సినీపరిశ్రమ భాషను విప్పిచెప్పిరి.

ఇట్లు ఒకే నగరమున, ఒకే కాఫీహోటలున కూర్చుండువారి నడుమ పుట్టిన విమర్శ, ప్రకటనల సొమ్ముపై ఆధారపడు పత్రికలలో అచ్చగుచు, స్వతంత్రత నెట్లు నిలుపుకొన్నది? ప్రతివేళను నిలుపుకొన్నదని మేము చెప్పజాలము. పొగడ్తలు అనేకము, మొగమాటములు అంతకంటె అనేకము. అయినను నిలిచిన కొద్దిపాటి స్వతంత్రతకు కారణము దూరమున నున్న ఆ పాఠకుడే యని మా అభిప్రాయము. అతనికి టిక్కెట్టు అమ్మవలసిన పని విమర్శకునకు లేదు. అతడు వారముతోరము చదువును. నెలలకు పిమ్మట డేరాలో చిత్రమును చూచి, చదివినదానిని సరిచూచుకొనును. అబద్ధమాడిన సమీక్షకుని అతడు వెంటనే పట్టుకొనలేడు గాని మరువడు. కాలము ఇరువురికిని అవకాశమిచ్చెడిది. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన "శంకరాభరణము" తొలిదినములలో పలుచని జనముతో ఆడినది; మాట నోట నోట ప్రాకిన పిమ్మట హాళ్లు నిండినవి. థియేటరులో చిత్రము కొంతకాలము నిలిచినందుననే ఆ తీర్పు మారగలిగినది.

ఇక ఈ విమర్శలలోని పెద్దలోపమును చెప్పవలెను. అది అడవి అంచునుండి చూచినవానికే బాగుగా కనబడును. "అందాల రాముడు" (1973) బాపురమణల చిత్రము. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు సీతారాముల కల్యాణమునకై సాగు పడవప్రయాణము దాని కథ. 2006లో శేఖర్ కమ్ములగారి "గోదావరి" మరల అదే నీటిబాట పట్టినది. సమీక్షకులకు పాపికొండలు "కనువిందైన దృశ్యములు". ఒక వాక్యముతో సరి. కాని పోలవరము ఆనకట్ట పూర్తి జలమట్టము 45.72 మీటర్లుగా నిర్ణయింపబడినది. ముంపునకు గురియగు మండలములు 2014లో ఆంధ్రప్రదేశమున చేర్పబడినవి. ములకలపల్లి తెలంగాణముననే మిగిలినది. గట్లు, రేవులు, తీరపు పల్లెలు మారిపోవుచున్నవేళ "కనువిందు" అని కొట్టివేయబడిన ఆ చిత్రణము చరిత్రకారునకు దస్తావేజు. ఏ గట్టు, ఏ రేవు అని విమర్శకుడు ఒక్కమాట వ్రాసియుండిన నేడు ఎంత ఉపకరించెడిది!

అడవిజనుల విషయమున లోపము ఇంకను బరువైనది. ఆకుల పావడలు, ఈకల కిరీటములు, అర్థములేని కేకలు గల "ఆటవిక నృత్యము" తెలుగు చిత్రములలో ఎన్నిసార్లు వచ్చినదో లెక్కలేదు. సమీక్షకుడు దానిని నృత్యదర్శకుని ఖాతాలో వేసి, "హుషారుగా నున్నది" అనెడివాడు. అడవిదున్న కొమ్ములు తలదాల్చి, డోళ్లు మ్రోగించుచు ఆడు కొమ్ముకోయ నృత్యమెట్లుండునో ఈ సీమలో పసిపిల్లవానికి తెలియును. సమ్మక్క సారలమ్మల గాథను కంచుమేళముతో పాడి 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్యగారు ఈ జిల్లావారే. 1974లో "అల్లూరి సీతారామరాజు", 2022లో కొమురం భీము పేరిట "ఆర్. ఆర్. ఆర్." వచ్చినవి; మన్యపు పోరాటములు మహాచిత్రములైనవి. నాయకుని శౌర్యమును, ఖర్చైన కోట్లను గూర్చి విమర్శకులు పుటలు నింపిరి. తెరపై నడచు అడవిమనిషి ఏ భాష మాటలాడుచున్నాడు, అది అతని భాషయేనా అను ప్రశ్నకు చోటు చాలలేదు. నగరమున కూర్చున్నవానికి అది ప్రశ్నగా తోచకపోవుట సహజమే. దూరపు పాఠకుడు విమర్శకునకు అండయైనాడు గాని, అతని కన్ను మాత్రము విమర్శకునకు అబ్బలేదు.

ఆ దూరము ఎట్లు తరిగినదో క్లుప్తముగా చెప్పి ముగింతుము. 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున పుట్టిన "ఈనాడు" పలు కేంద్రములనుండి వెలువడుచు, 1989లో జిల్లా అనుబంధములతో ఉదయముననే పల్లెలకు చేరినది. 1976లో "సితార" చిత్రవారపత్రిక వచ్చినది. పరిశ్రమ హైదరాబాదునకు తరలినది. 2010వ దశకపు నడుమకు ప్రింట్లు అంతరించి, అంకరూపమున చిత్రము ఒకేనాడు అన్నిహాళ్లలో వెలుగుటయు, కొన్నివారములకే చేతిలోని ఫోనునకు వచ్చుటయు సాధ్యమైనది. విమర్శయు గంటలలో తయారగుచున్నది. అమెరికాలో ముందురాత్రి ఆటలు చూచిన మనవారి అభిప్రాయములు, ఇచట ఉదయపు ఆట మొదలుకాకమునుపే అందుచున్నవి. పూర్వము మద్రాసునుండి, నేడు డాలసునుండి! కథకు బదులు ఐదింట ఇన్ని నక్షత్రములని అంకె. కథ చెప్పిన విమర్శకుని అంచనాతో మనము పేచీపడవచ్చును. రెండు ముప్పాతిక నక్షత్రములతో పేచీపడుటెట్లు?

2024 డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘమొకటి, విడుదలైన మొదటి మూడు దినములు సమీక్షలను ఆపవలెనని మద్రాసు హైకోర్టును కోరినది. భావప్రకటన స్వాతంత్ర్యమును పేర్కొని న్యాయస్థానము అందుకు సమ్మతింపలేదు. నిర్మాతల భయము నిష్కారణము కాదు: తొలి మూడు దినములలోనే రాబడి తేలిపోవు వ్యాపారమున నాలుగవనాటి మెప్పువలన ప్రయోజనము స్వల్పము. కాని విమర్శ ముందు వచ్చుట క్రొత్త సంగతి కాదు. ములకలపల్లి సీమలో అది నెలలు ముందు వచ్చెడిది. కథ యావత్తు తెలిసియే జనులు ఎడ్లబండ్లు కట్టుకొని డేరాకు పోయిరి.